సైలెన్సర్ కోసుకున్నవాళ్లు, కోన్లు అతికినవాళ్లు

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ షెడ్డు ఉండేది. 1989లో పదో తరగతి పరీక్షలు రాసి ఆ సెలవులన్నీ నేనక్కడే గడిపాను. నాకప్పగించిన పని ఒకటే, సైలెన్సర్లలో కార్బన్ తీయడం. యమహా ఆర్ఎక్స్ 100 బైకు సైలెన్సర్ చివర చిన్న బోల్టు విప్పి, ప్లయరుతో పట్టి లాగితే లోపలి గొట్టం బయటికొచ్చేది. బాఫిల్ అనేవాళ్లం. కొన్నాళ్లు తిరిగిన బండిదైతే తారులో ముంచి తీసినట్టుండేది. దాన్ని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక రాయి మీద తడితే నల్లటి పెచ్చులు రాలేవి. మూసుకుపోయిన చిల్లులన్నీ తెరుచుకునేవి. మళ్లీ బిగించి కిక్కు కొడితే బండి గొంతు సవరించుకున్నట్టు పలికేది.

సాయంత్రాలు కాలేజీ కుర్రాళ్లు వచ్చేవారు. "అన్నా, ఆ బాఫిల్ పీకెయ్. సౌండ్ రావాలి." కొందరైతే సైలెన్సర్ వెనక సగం కోసెయ్యమనేవారు. బాబాయి ఒప్పుకునేవాడు కాదు. "కోస్తే సౌండొస్తుంది, పికప్ పోతుంది. నీ బండి గొట్టం కూడా ఇంజన్లో ముక్కేరా" అనేవాడు. వాళ్లు నమ్మక పక్క షెడ్డుకి పోయేవారు. ఒకరోజు ఒకాయన రాజ్‌దూత్ 350ని ఆటో ట్రాలీ మీద వేసుకొచ్చాడు. రెండు సైలెన్సర్లూ ఎవరి దగ్గరో కోయించుకుని ఏలూరు రోడ్డు మీద లాగించాడట. ఇంజన్ పట్టేసింది. బోరు విప్పి చూస్తే పిస్టన్ పక్కన, పొగ పోయే దారి వైపు, గోళ్లతో గీరినట్టు నిలువు చారలు. బాబాయి ఆ పిస్టన్‌ని నా చేతిలో పెట్టి, "చూశావా, ఇది సౌండ్ ఖరీదు" అన్నాడు. ఆ చారల మీద వేలు పెట్టి రాస్తే చర్మం పట్టుకునేది. అది నాకిప్పటికీ గుర్తే.

ఇప్పుడు నేనుండేది కాలిఫోర్నియాలో, శాన్ డియాగో దగ్గర. పందొమ్మిదేళ్ల మా అబ్బాయి పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో హోండా 400ఈఎక్స్ కొనుక్కున్నాడు. నాలుగు చక్రాల స్పోర్ట్ ఏటీవీ, ఇక్కడి వాళ్లు క్వాడ్ అంటారు. కొన్న వారానికే "నాన్నా, పైపు మార్చాలి" అన్నాడు. ఫోన్లో నాలుగు కంపెనీల గొట్టాల శబ్దాలు పెట్టి, ఏది బాగుందో విని చెప్పమన్నాడు. నాకు ఆటోనగర్ కుర్రాళ్లే కళ్లముందుకొచ్చారు. ఏది కొనాలో చెప్పేముందు ఈ గొట్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తానన్నాను. ఇది ఆ మాటే, కాస్త వివరంగా.

అమెరికాలో దీన్ని మఫ్లర్ అంటారు. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజన్ మఫ్లర్‌కి పేటెంటు తీసుకున్నారు. మనకు బ్రిటిష్ వాళ్ల దగ్గర్నుంచి సైలెన్సర్ అన్న మాట వచ్చింది. ఏ పేరు పెట్టినా మొదట్లో దాని పని శబ్దం తగ్గించడం వరకే. గుర్రాలు బెదరకూడదు, ఇరుగుపొరుగు తిట్టకూడదు, అంతే. గొట్టం ఇంజన్‌కి ఎంత బలమివ్వగలదో రుజువు చేసి చూపించింది తూర్పు జర్మనీలోని చోపావ్ అనే చిన్న ఊరు.

అక్కడి ఎంజెడ్ మోటార్ సైకిళ్ల కార్ఖానాలో రేసింగ్ విభాగాన్ని నడిపినవాడు వాల్టర్ కాడెన్. యుద్ధకాలంలో పీనెముండే క్షిపణి కేంద్రంలో పనిచేసిన ఇంజనీరు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పుట్టుకతోనే ఒక లోపముంది. పొగ బయటికి పోయే రంధ్రం తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు గాలి లోపలికొస్తుంది. అందులో కొంత మండకుండానే పొగ వెంట బయటికి జారిపోతుంది. ఆపడానికి అక్కడ వాల్వులు లేవు, తలుపులూ లేవు. పొగ ఒక్కసారి బయటికి తన్నినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడి అలనే తలుపుగా వాడుకోవచ్చన్నది ఆలోచన. అది 1950ల మొదట్లో డీకేడబ్ల్యూ రేసు బళ్ల మీద ఎరిక్ వోల్ఫ్ పెట్టిన గొట్టాల్లో కనబడింది. కాడెన్ దాన్ని ఆసిలోస్కోప్ ముందు పెట్టి, అల ఎప్పుడు పోతోందో ఎప్పుడు తిరిగొస్తోందో కళ్లతో చూసి, ఒక శాస్త్రంగా మలిచాడు.

గొట్టం సన్నగా మొదలై, గరాటులా మెల్లగా విచ్చుకుని, మధ్యలో కడుపులా లావై, మళ్లీ తిరగేసిన గరాటులా ముడుచుకుని, చివర వేలంత సన్నటి తోకతో ముగుస్తుంది. విచ్చుకునే చోట అల వెనక్కి పీల్చే అలగా మారి, సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది, దాని వెంట కొత్త గాలి కూడా కొంత బయటికొస్తుంది. ముడుచుకునే చోట తగిలిన అల నెట్టే అలగా తిరిగొచ్చి, అలా జారిపోయిన కొత్త గాలిని రంధ్రం మూసుకునే క్షణానికి మళ్లీ లోపలికి తోస్తుంది. ఎక్స్‌పాన్షన్ చాంబర్ అంటే ఇదే.

ఇక్కడ ఒక లెక్క చేసి చూపిస్తాను, మావాడికీ కాగితం మీద ఇదే వేసిచ్చాను. ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక చుట్టుకి పట్టేది సెకనులో వెయ్యోవంతులు ఏడున్నర. పొగ రంధ్రం అందులో సగం సేపు తెరిచి ఉంటుంది, అంటే మూడు ముప్పావు. వేడి పొగలో అల సెకనుకి సుమారు 500 మీటర్లు పోతుంది. ఆ కాసేపట్లో అది నడిచేది 1.9 మీటర్ల లోపే. పోవాలి, రావాలి కాబట్టి అందులో సగం, 94 సెంటీమీటర్లు. అల తిరిగే చోటు అక్కడుండాలి. నాలుగు వేళ్లు తగ్గిస్తే అల ముందే వచ్చేస్తుంది, పెంచితే ఆలస్యమవుతుంది. ఇక రంపం పెట్టి సగం కోసేస్తే తిరిగొచ్చే అలే ఉండదు. జారిపోయిన పెట్రోలు జారిపోయినట్టే. లోపల మిగిలిన మిశ్రమం తీరు మారి, వేడి పెరిగి, పిస్టన్ పట్టేస్తుంది. బాబాయికి ఆసిలోస్కోప్ తెలియదు. చెప్పింది మాత్రం కాడెన్ కనిపెట్టిందే.

1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ లాగాడు. లీటరుకి 200 అన్నమాట, గాలిని బలవంతంగా తోసే సూపర్‌చార్జర్ లేకుండా. మనం ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత ముచ్చటపడ్డ ఆర్ఎక్స్ 100 ఇచ్చింది 98 సీసీకి 11. ఆ 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ రేసుకి వెళ్లిన ఎంజెడ్ ముఖ్య రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ తిరిగి రాలేదు. భార్యాపిల్లల్ని ఒక కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. డెగ్నర్ సుజుకీలో చేరాడు. కాడెన్ విద్య అతని వెంట జపాన్ చేరింది. మరుసటి ఏడాదే, 1962లో, 50 సీసీ తరగతిలో సుజుకీకి మొదటి ప్రపంచ టైటిల్ వచ్చింది, నడిపింది డెగ్నరే. కాడెన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఆ మనిషి గురించి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత వచ్చిన టూ స్ట్రోక్ రేసు బళ్లన్నీ ఆయన మలిచిన కడుపు గొట్టాన్నే మోశాయి. మా బాబాయి షెడ్డులో మంట మీద కాల్చినవీ వాటి పిల్లలే.

ఇక నాలుగు చక్రాల సంగతి. చలికాలంలో మోటార్ సైకిళ్లు అమ్ముడుపోవడం లేదు, మంచులోనూ ఇసుకలోనూ నడిచేదేదైనా చేసివ్వమని అమెరికా హోండా వాళ్లు అడిగితే, ఒసాము తాకెయుచి అనే ఇంజనీరు బెలూన్లలాంటి టైర్లతో మూడు చక్రాల బండి చేశాడు. 1970లో అమ్మకానికొచ్చింది. మొదట అది ఆటవస్తువు. అది రేసు బండిగా మారింది 1981లో, హోండా ఏటీసీ 250ఆర్‌తో. టూ స్ట్రోక్ మోటోక్రాస్ ఇంజన్ మూడు చక్రాల మీదికెక్కింది. 1985లో సుజుకీ ఎల్‌టీ 250ఆర్ ఆ రేసు బళ్లకి నాలుగో చక్రం తెచ్చింది. ఆ మరుసటేడు హోండా టీఆర్ఎక్స్ 250ఆర్, 1987లో యమహా బాన్షీ. మూడు చక్రాల బళ్లు బోల్తాపడి పిల్లలూ పెద్దలూ ఎందరో పోయాక, 1988 నాటి కోర్టు ఒప్పందంతో కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి.

గొట్టాల వ్యాపారం మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలో మోటోక్రాస్ కోసం కుర్రాళ్లు పెట్టుకున్న చిన్న చిన్న షెడ్లు అవి. డాన్ ఎమ్లర్ 1973లో ఫ్లయింగ్ మెషీన్ ఫ్యాక్టరీ పెట్టాడు. ఎఫ్ఎంఎఫ్ అని ఈనాడు మనం చూసే స్టిక్కర్ అదే. మిచ్ పేటన్ 1978లో ప్రో సర్క్యూట్ మొదలుపెట్టాడు. అదే 1973లో గోర్డన్ జెన్నింగ్స్ టూ స్ట్రోక్ ట్యూనింగ్ మీద ఒక చేతిపుస్తకం వేశాడు. నేను పైన చేసిన లెక్క లాంటివన్నీ అందులో ఉన్నాయి. కాడెన్ ప్రయోగశాలలో దాగిన విద్య, లెక్క వచ్చిన ఏ కుర్రాడికైనా గ్యారేజీలో అందేలా చేసిన పుస్తకమది. రేకుని విసనకర్ర ఆకారంలో కత్తిరించి, చుట్టి, అంచులు అతికితే ఒక కోను. అలాంటివి ఎన్నో వరసగా ఒంపు తిరిగేలా అతికితే ఒక గొట్టం. చేతితో చేసిన కోను పైపు మీద అతుకులు వరసగా చేప పొలుసుల్లా కనబడతాయి. ఇంకో పద్ధతిలో రెండు చదును రేకుల అంచులు కలిపి అతికి, మధ్యలోకి ఒత్తిడితో నీళ్లెక్కిస్తారు. పూరీ పొంగినట్టు గొట్టం పొంగుతుంది. నేను ఒకచోట అది చూశాను. పొంగేటప్పుడు రేకు ఠంగుమంటుంది.

బాన్షీ దగ్గర ఆగాలి. నేను మొదటిసారి గ్లామిస్ ఇసుక తిన్నెలకి వెళ్లినప్పుడు పక్క గుడారం వాళ్లది ఒక బాన్షీ. 78వ నంబరు రహదారి పక్కన, కనుచూపు మేర ఇసుక, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో లక్షకి పైగా జనం చేరే చోటు. చీకట్లో ఎవరో దాన్ని స్టార్ట్ చేశారు. నిద్రలోంచి లేచి కూర్చున్నాను. అది ఆటోనగర్ శబ్దం. పొద్దున్నే వెళ్లి అడిగితే ఆయన ఇంజన్ వివరాలు చెప్పాడు. బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. 347 సీసీ, రెండు సిలిండర్లు. రాజ్‌దూత్ 350 కొలతలూ అక్షరాలా అవే. మనది యమహా ఆర్‌డీ 350 గాలితో చల్లబడే రకం, ఇది దాని తర్వాతి తరంలో నీళ్లతో చల్లబడేది. ఒకే వంశం. ఫరీదాబాద్‌లో తయారై బెజవాడలో పిస్టన్ పట్టేసిన ఇంజన్‌కి తమ్ముడు ఎడారిలో నాలుగు చక్రాల మీద తిరుగుతున్నాడు.

ఆయన దగ్గర రెండు జతల గొట్టాలున్నాయి. తిన్నెల మీద నిట్టనిలువుగా ఎక్కే పందేలకి ఒక జత, పొట్టిగా, లావు కడుపుతో, పై చుట్లలో తన్నేవి. దారుల్లో తిరగడానికి ఇంకో జత, మధ్య చుట్లలో లాగేవి. ఒకటి పెట్టినచోట ఇంకొకటి పనికిరాదు. "ఏ పైపు మంచిది?" అని నేనడిగితే, "ఎక్కడ నడుపుతావు?" అని ఆయన తిరిగి అడిగాడు. ఈ వ్యాపారంలో నేను విన్న అన్నిటికంటే నిజాయితీ గల జవాబు అది.

2002లో అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఏటీవీల పొగకి నియమాలు రాసింది, 2006 నుంచి అమల్లోకొచ్చాయి. ఆ ఏడాదే అమెరికాలో బాన్షీకి ఆఖరిది. అంతకు ముందే, 1999లో, ఫోర్ స్ట్రోక్ స్పోర్ట్ క్వాడ్‌గా హోండా 400ఈఎక్స్ వచ్చి దారి మళ్లించింది. మావాడు కొన్నది ఆ రకమే.

ఫోర్ స్ట్రోక్‌కి వాల్వులున్నాయి కాబట్టి తిరిగొచ్చే అల తలుపు కాయనక్కర్లేదు. హెడ్డు నుంచి వచ్చే గొట్టం పొడవూ వ్యాసమూ ఇక్కడ ముఖ్యం. మరీ లావుదైతే కింది చుట్లలో బండి నీరసిస్తుంది, పై చుట్లలోనే లేస్తుంది. వెనక సైలెన్సర్లో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు పీచు. ఆ పీచు కాలికాలి పలచబడుతుంది, మార్చకపోతే ఏడాది తిరక్కుండా బండి అరుస్తుంది. సూపర్‌ట్రాప్ వాళ్లది ఇంకో దారి. చివర పళ్లేల్లాంటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బిళ్లలు పెంచితే పొగ ధారాళంగా పోతుంది, శబ్దమూ పెరుగుతుంది. తగ్గిస్తే రెండూ తగ్గుతాయి. ఇంజన్ ఎంత ఊపిరి వదలాలో స్పానరుతో నిర్ణయించుకోవడం నాకు ఎంతో నచ్చింది.

ఊపిరి వదలడం పెంచితే పీల్చడమూ పెరుగుతుంది. కార్బురేటర్లో జెట్టు అదే ఉంచితే పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై, ఇంజన్ కాగుతుంది. గొట్టం కొన్నవాళ్లలో సగం మంది జెట్టు మాట మర్చిపోతారు. అమ్మేవాళ్లు గుర్తుచేయరు, నా కోపం అక్కడే.

ఇంజన్ కాకుండా ఈ గొట్టానికి ఇంకా ఇద్దరు యజమానులున్నారు. ఒకటి అడవి. పొగలో నిప్పు తునకలుంటాయి. బాబాయి షెడ్డులో నేను రాల్చిన నల్ల పెచ్చులే, నిప్పుగా ఉన్నప్పుడు ఎండుగడ్డి మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే అమెరికా అటవీ శాఖ ప్రమాణం ప్రకారం గొట్టంలో నిప్పురవ్వల్ని ఆపే ఏర్పాటుండాలి, నూటికి 80 వంతుల తునకల్ని పట్టెయ్యాలి. జల్లెడ రకమైతే దాని కన్ను 0.6 మిల్లీమీటరుకి మించకూడదు. 2003 అక్టోబరులో మా శాన్ డియాగో కౌంటీలో సీడర్ కార్చిచ్చు వచ్చింది. 2,73,000 ఎకరాలు కాలిపోయాయి, 15 మంది పోయారు. అది ఏ బండి వల్లా వచ్చింది కాదు, తప్పిపోయిన వేటగాడు సంకేతం కోసం వెలిగించిన మంట. కానీ పగలే చీకటిపడి, ఇంటి ముందు కారు మీద బూడిద వేలితో రాసేంత మందాన పేరుకోవడం చూసినవాణ్ణి. ఆ చిన్న జల్లెడ పీకేసి "పవర్ వస్తుంది" అనేవాళ్లతో నేను వాదించను, లేచి వచ్చేస్తాను.

రెండోది చెవి. అమెరికా ప్రభుత్వ భూముల్లో ఇలాంటి బళ్లకి ఎక్కడ దారి, ఎక్కడ వద్దు అని గీతలు గీయమని 1972లో నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత ఎక్కడ దారి మూసినా చెప్పే కారణాల్లో శబ్దం తప్పకుండా ఉంటుంది. కాలిఫోర్నియాలో 2003 నుంచి, 1986 మొదలుకుని తయారైన బండి గొట్టం 96 డెసిబెళ్లు దాటకూడదు. మీటరుని గొట్టం చివర నుంచి 20 అంగుళాల దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెట్టి కొలుస్తారు. మావాడు చిన్నప్పుడు నేను ఒక పాత క్వాడ్‌కి గొట్టం కొన్నాను. "అన్ని చోట్లా చెల్లుతుంది" అని కొట్టువాడు చేతిలో పెట్టాడు. అడవి దారి మొదట్లో అధికారి కొలిస్తే 101 వచ్చింది. లోపల జల్లెడా లేదు. బండిని మళ్లీ ట్రైలరెక్కించి, పిల్లాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మూడు గంటలు వెనక్కి నడిపాను. 96కీ 101కీ తేడా అయిదే కదా అనుకోకూడదు, ప్రతి మూడు డెసిబెళ్లకీ శబ్దశక్తి రెట్టింపవుతుంది. నేను పరిమితికి మూడింతలు మోగిస్తూ తిరగబోయానన్నమాట.

ఇదంతా విన్నాక మావాడు అడిగాడు, "అయితే నాకు ఏది?" వాడు నెలకోసారి తిన్నెలకి పోతాడు, మిగతా రోజులు కొండదారుల్లో తిరుగుతాడు. అందుకని హెడ్డు నుంచి వచ్చే అసలు గొట్టం జోలికి పోవద్దన్నాను. కింది చుట్లలో లాగే బలం దానిదే. వెనక సైలెన్సర్ ఒక్కటి మార్చాం. జల్లెడ ఉన్నది, పీచు మార్చుకునేందుకు విప్పదగ్గది, 96 లోపలని కాగితం మీద రాసిచ్చినది. జెట్టు రెండు నంబర్లు పెంచాం. ప్లగ్గు విప్పి రంగు చూస్తే కాఫీ పొడి రంగు. పాతదాని మీద కొత్తది చేతికి ఎంత తేలికో వాడే తూచి చెప్పాడు. శబ్దం తను ఫోన్లో విన్నంత లేదని మొదటి రోజు కాస్త ముఖం మాడ్చుకున్న మాట నిజం.

ఆదివారం బాబాయికి ఫోన్ చేశాం. డెబ్బయి ఆరేళ్లు, షెడ్డు మూసేసి చాలా కాలమైంది. "చిన్నతాతయ్యా, వినండి" అని మావాడు ఫోన్ గొట్టం దగ్గర పట్టుకుని రేసిచ్చి వదిలాడు. మళ్లీ ఇచ్చి వదిలాడు. అటువైపు చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"వదిలినప్పుడు పటపటమంటోంది, విన్నావా?" అన్నాడు బాబాయి. "హెడ్డు దగ్గర గాలి లాగుతోందిరా. గ్యాస్కెట్ చూడండి."

మేం ఆ గొట్టం ముట్టుకోనే లేదు. అయినా మావాడు స్పానరు తెచ్చి ఇంజన్ ముందు కూర్చున్నాడు. అక్కడి నట్లు ఒక్కొక్కటీ అర చుట్టు తిరిగాయి.